డ్రిప్ ట్రే సంగతి వేరే విషయం కాదు

ప్రశ్న: ఇంట్లో ఎస్ప్రెసో మెషిన్ కొని రెండేళ్లయింది. మొన్నటిదాకా షాట్ (ఒక విడత కాఫీ) తీసేటప్పుడు ఒత్తిడి చూపించే గేజ్‌లో ముల్లు 9 బార్ దగ్గర నిలబడేది. మూడు వారాలుగా 5 దాటడం లేదు. కాఫీ 12, 13 సెకన్లలోనే బొళబొళా కారిపోతోంది. పల్చగా, పుల్లగా ఉంటోంది. పొడి ఇంకా సన్నగా పట్టి చూశాను, గట్టిగా అదిమి చూశాను. ఒకరోజు కప్పులో చుక్క కూడా పడకుండా ఆగిపోయింది. ఆ రోజు కూడా ముల్లు 6 దగ్గరే ఉంది. మర్నాడు మళ్లీ పాత కథే. మధ్యలో గింజలు కొత్త రకానికి మార్చాను. ఒకసారి ట్యాంకులో నీళ్లు అయిపోయిన సంగతి చూసుకోక పంపు కాసేపు ఖాళీగా తిరిగింది. సర్వీస్ వాళ్లకు ఫోన్ చేస్తే, పంపు పోయింది, మార్చాలి అన్నారు. మార్చేయమంటారా? ఈమధ్య కింద కారిన నీళ్లు పట్టే డ్రిప్ ట్రే కూడా రోజూ పారబోయాల్సి వస్తోంది, ఇదివరకు మూడు రోజులకోసారి పారబోసేవాళ్లం. అది వేరే విషయం లెండి.

జవాబు: వేరే విషయం కాదండీ. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. చివర్లో పడేశారు గానీ, మొదట రాయాల్సింది. పంపు మాత్రం ఇప్పుడే మార్చకండి. పావుగంట పట్టే పరీక్ష ఒకటి చెబుతాను, అది చేశాక నిర్ణయించుకుందాం.

ముందు ఒత్తిడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. చాలామంది పంపులో పుడుతుందనుకుంటారు. పంపు నీళ్లను నెడుతుంది, అంతే. ముందు అడ్డం ఏమీ లేకపోతే ఎంత నెట్టినా గేజ్‌లో ముల్లు పెద్దగా లేవదు. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు చివర వేలు అడ్డం పెడితేనే కదా నీళ్లు దూరం చిమ్మేది! మెషిన్‌లో ఆ వేలు మీరు అదిమిన కాఫీ పొడి బిళ్ల. పొడి ముతకగా ఉంటే వేలు వదులు, సన్నగా ఉంటే బిగువు. డబ్బా మీద 15 బార్ అని గొప్పగా రాసి ఉంటుంది చూశారా, అది బయటికి దారి పూర్తిగా మూసేస్తే ఆ పంపు చూపించగలిగే గరిష్ఠ ఒత్తిడి. కాఫీ తీయడానికి అంత అక్కర్లేదు. మంచి మెషిన్లలో అదనపు ఒత్తిడిని వదిలేయడానికి విడిగా ఒక వాల్వ్ కూడా ఉంటుంది.

ఈ 9 అంకెకు వెనక కొంత చరిత్ర ఉంది. ఇటలీలో 1940ల చివర్లో అకిల్లె గజ్జా స్ప్రింగు లివర్ మెషిన్లు తెచ్చాక కాఫీ మీద క్రెమా అనే ఆ చిక్కటి నురగ తేలడం మొదలైంది. అంతకుముందు ఆవిరి ఒత్తిడితో తీసినప్పుడు అది ఉండేది కాదు. తర్వాత 1961లో ఫయెమా కంపెనీ ఈ61 అనే మెషిన్‌లో కరెంటు పంపు పెట్టింది. మనిషి చేత్తో లాగే పని పోయింది, సుమారు 9 బార్ల స్థిరమైన ఒత్తిడి వాడుకలోకి వచ్చింది. కాబట్టి 9 అనేది దేవుడు రాసిన గీత కాదు. 8 దగ్గరా, 10 దగ్గరా మంచి కాఫీ వస్తుంది. కానీ 5 దగ్గర ఆగిపోయి, 12 సెకన్లలో కారిపోతే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఇప్పుడు మీరు రాసినదే మళ్లీ చదువుదాం. ఒకరోజు చుక్క కూడా పడలేదన్నారు. అంటే ఆ రోజు పొడి బిళ్ల దారిని పూర్తిగా మూసేసింది. వేలు గట్టిగా అడ్డం పెట్టినట్టే. అప్పుడు ముల్లు ఎక్కడికి వెళ్లాలి? సరిగా ఉన్న మెషిన్ అయితే 9 దాటి, అదనపు ఒత్తిడి వాల్వ్ తెరుచుకునే చోటి దాకా వెళ్లి నిలబడాలి. మీది 6 దగ్గరే ఆగింది. కాబట్టి లోపం ఒక్క పొడిలోనే లేదు. మీకు తెలియకుండానే సగం పరీక్ష మీరే చేసేశారు.

మరి పంపు నెట్టిన నీళ్లు కప్పులో పడలేదు, ముల్లూ లేవలేదు. రెండే దారులున్నాయి. పంపుకే అంతకంటే నెట్టే శక్తి లేకపోవాలి, లేదా నీళ్లు మధ్యలో ఇంకో దారిన పోతూ ఉండాలి. ట్రే మూడు రెట్లు వేగంగా నిండుతోందని మీరే అంటున్నారు. అందుకే నా అనుమానం రెండోదాని మీద. అనుమానంతో విడిభాగాలు కొనకూడదు కాబట్టి, తేల్చుకోవడం ఎలాగో చెబుతాను.

మెషిన్‌తో పాటు చిల్లుల్లేని చిన్న స్టీలు బాస్కెట్ (పొడి వేసే గిన్నె లాంటిది) ఒకటి వచ్చిందేమో చూడండి. దాన్ని బ్లైండ్ బాస్కెట్ అంటారు. లేకపోతే మామూలు బాస్కెట్‌లో పెట్టుకునే రబ్బరు బిళ్ల దొరుకుతుంది, అదైనా సరే. పోర్టాఫిల్టర్‌లో, అంటే బాస్కెట్ పెట్టి మెషిన్‌కు బిగించే పిడిలో, అది పెట్టి, పొడి వేయకుండా, షాట్ తీసేటప్పటిలాగే బిగించండి. డ్రిప్ ట్రే తీసి, పారబోసి, పొడిగా తుడవండి. ట్రేలోకి నీళ్లు వదిలే సన్నటి గొట్టం గ్రూప్ (పోర్టాఫిల్టర్ బిగించే చోటు) కింద వెనక వైపు కనిపిస్తుంది, దాని కింద ఒక చిన్న కప్పు పెట్టండి. మెషిన్ బాగా వేడెక్కాక పంపు ఆన్ చేసి పది సెకన్లు మాత్రం ఉంచండి. ఆ పది సెకన్లలో గేజ్ ముల్లు ఎంతదాకా లేచిందో, గొట్టంలోంచి కప్పులోకి నీళ్లు పడ్డాయో లేదో, పోర్టాఫిల్టర్ అంచు చుట్టూ ఎక్కడైనా కారిందో చూడాలి. ఒక్కరే అన్నీ చూడలేరు. ఇంట్లో ఇంకొకరిని పిలవండి, లేదా ఫోన్‌లో వీడియో తీసుకోండి.

పంపు ఆపగానే ట్రేలోకి ఫుస్సుమని నీళ్లు పడితే అది మామూలే. లోపల మిగిలిన ఒత్తిడి అలా బయటికి పోతుంది. ఆ శబ్దం ఆగేదాకా పోర్టాఫిల్టర్ తిప్పకండి. షాట్ ఆగిపోయిన రోజున కూడా ఇదే జాగ్రత్త. లోపల ఒత్తిడి ఉండగా తిప్పితే కాగే నీళ్లు, పొడి ముఖం మీదికి చిమ్ముతాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం తొందర పడొద్దు.

ముల్లు జోరుగా లేచి 9 దాటి, మీ మెషిన్‌ను బట్టి 10, 11, 12 దగ్గర ఎక్కడో నిలబడిందనుకోండి. అప్పుడు నా అనుమానం తప్పు, మెషిన్ బాగుంది, పొడి సంగతి చూసుకోవాలి. నీళ్లు పారకుండా ఆగి ఉన్నప్పుడు ముల్లు అసలు షాట్‌లో కంటే ఒక బార్ వరకు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి టెన్షన్ పడకండి.

మీ విషయంలో మాత్రం ముల్లు 6 దగ్గర ఆగి, పంపు తిరుగుతున్నంతసేపూ కప్పులోకి నీళ్లు పడుతూ ఉంటాయని నా అంచనా. అదే జరిగితే దొంగ దొరికినట్టే. దాని పేరు త్రీ వే సొలినాయిడ్ వాల్వ్.

ఈ వాల్వ్ పని చాలా చిన్నది. దానికి మూడు దారులు. ఒకటి బాయిలర్ వైపు, ఒకటి కాఫీ పొడి వైపు, మూడోది ట్రే వైపు. కరెంటు లేనప్పుడు బాయిలర్ దారి మూసి ఉంటుంది, పొడికీ ట్రేకీ మధ్య తెరిచి ఉంటుంది. మీరు బటన్ నొక్కగానే లోపలి చిన్న ఇనుప కడ్డీ పైకి లేచి బాయిలర్ దారి తెరుస్తుంది, ట్రే దారి మూస్తుంది. ఆపగానే కిందికి పడి మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు పొడి మీద మిగిలిన ఒత్తిడి ట్రేలోకి పోతుంది, బిళ్ల పొడిగా ఊడి వస్తుంది. కానీ ప్రతి షాట్ చివరా ఒత్తిడితో పాటు కాస్త కాఫీ మడ్డి కూడా ఆ దారినే వెనక్కి పోతుంది. రెండేళ్లు రోజూ పోతే ఏమవుతుంది? ఏదో ఒక నలుసు ఆ కడ్డీ ఆనే చోట ఇరుక్కుంటుంది. ట్రే దారి పూర్తిగా మూసుకోదు. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు పంపు నెడుతూనే ఉంటుంది, సగం ట్రేలోకి పోతూనే ఉంటుంది.

ఇంకో మాట. ముల్లు లేవడం లేదని మీరు పొడిని మరీ సన్నగా పడుతూ వచ్చారు. పొడి ఎంత సన్నగా ఉంటే వెనక్కి పోయే మడ్డి అంత ఎక్కువ. జబ్బుకు మందనుకుని మీరు వేసినదే జబ్బుకు మేత అయి ఉండొచ్చు. మీ తప్పేం లేదు, గేజ్ చూసి ఎవరైనా అదే చేస్తారు.

మందు మొదట పైపైనే వేద్దాం. దీన్ని బ్యాక్‌ఫ్లష్ అంటారు. అదే బ్లైండ్ బాస్కెట్‌లో ఎస్ప్రెసో మెషిన్ల కోసం అమ్మే శుభ్రం చేసే పొడి, ప్యాకెట్ మీద చెప్పినంత వేయండి. అరచెంచా చుట్టుపక్కలే ఉంటుంది. బిగించి పది సెకన్లు పంపు నడపండి, ఆపండి, పది పదిహేను సెకన్లు ఆగండి. ఇలా ఐదారు సార్లు. ట్రేలోకి గోధుమరంగు నురగ వస్తుంటే మడ్డి వదులుతున్నట్టు. తర్వాత బాస్కెట్ కడిగి, ఉత్త నీళ్లతో నురగ పూర్తిగా పోయేదాకా అదే పని చేయండి. చివర్లో ఒక షాట్ తీసి తాగకుండా పారబోయండి. షవర్ స్క్రీన్, అంటే నీళ్లు చిలకరించే ఆ జల్లెడ బిళ్ల, ఊడదీయడానికి వీలుంటే అదీ తీసి నానబెట్టి రుద్దండి.

త్రీ వే వాల్వ్ లేని మెషిన్లకు ఈ పని పనికిరాదు. చిన్న మెషిన్లలో చాలావాటికి అది ఉండదు. షాట్ ఆపగానే ట్రేలోకి ఫుస్సుమనే మెషిన్ అయితేనే చేయాలి. ఇంటావిడ చెల్లెలికో, పక్కింటివాళ్లకో ఇది చెప్పేముందు ఆ మాట కూడా చెప్పండి.

బ్యాక్‌ఫ్లష్ చేశాక మళ్లీ పది సెకన్ల పరీక్ష పెట్టండి. చాలాసార్లు ఇక్కడితోనే కథ అయిపోతుంది. గొట్టంలోంచి ఇంకా నీళ్లు పడుతుంటే వాల్వ్ విప్పాలి. ప్లగ్ పీకేసి, మెషిన్ పూర్తిగా చల్లారాక చేసే పని అది. పైన ఉన్న కాయిల్ తీస్తే కింద వాల్వ్ ఒళ్లు కనిపిస్తుంది. లోపల కడ్డీ, దానికో స్ప్రింగు, దాని రెండు కొసలకూ రబ్బరు బిళ్లలు. విప్పుతూ అడుగడుగునా ఫోటో తీసుకోండి, బిగించేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు. రబ్బరు మీద గుంట పడి ఉంటే, ఎంత తుడిచినా లాభం లేదు, ఆ భాగం మార్చాల్సిందే. చేతకాదనిపిస్తే సర్వీస్ వాళ్లకే ఇవ్వండి, సిగ్గేం లేదు. కాకపోతే వెళ్లి పంపు మార్చమనకండి. "షాట్ తీస్తున్నప్పుడు త్రీ వే వాల్వ్‌లోంచి ట్రేలోకి నీళ్లు కారుతున్నాయి, ఇదిగో వీడియో" అనండి. అప్పుడు సంభాషణ వేరేగా నడుస్తుంది.

వాల్వ్ సంగతి తేలకముందే గార వదిలించే మందు పోయొద్దు. ఒత్తిడి తగ్గగానే అందరికీ ముందు తోచేది అదే. లోపల పేరుకున్న సున్నపు గార పెచ్చులుగా ఊడి వచ్చి, సరిగ్గా ఇలాంటి చిన్న వాల్వుల్లోనే ఇరుక్కుంటుంది. ఉన్న తలనొప్పికి ఇంకోటి తోడవుతుంది. అల్యూమినియం బాయిలర్ అయితే పుల్లటి మందు ఏది పడితే అది పోయకూడదు కూడా, తయారీదారు చెప్పినదే వాడాలి.

ఒకవేళ పరీక్షలో గొట్టం కింద కప్పు పొడిగా ఉండి, ముల్లు మాత్రం 6 దగ్గరే ఆగిందనుకోండి. పోర్టాఫిల్టర్ అంచు చుట్టూ నీళ్లు కారుతుంటే గ్రూప్ వాషర్ (అక్కడ నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్టు) గట్టిపడిపోయింది, మార్చుకోవాలి. అక్కడ కారిన నీళ్లూ ట్రేలోకే చేరతాయి కాబట్టి దీన్నీ కొట్టిపారేయలేం. అంచు పొడిగా ఉంటే నీళ్ల ట్యాంకు మూత తీసి, పంపు తిరుగుతున్నప్పుడు లోపలికి చూడండి. అదనపు ఒత్తిడి వాల్వ్ నుంచి వచ్చే గొట్టం చాలా మెషిన్లలో ట్యాంకులోకే తిరిగి వస్తుంది, కొన్నిటిలో ట్రేలోకి పోతుంది. 6 దగ్గరే అందులోంచి నీళ్లు వస్తుంటే ఆ వాల్వ్ తొందరపడి తెరుచుకుంటోందన్నమాట. స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు, లేదా అక్కడా నలుసు ఉండొచ్చు. శుభ్రం చేయకుండా స్క్రూ మాత్రం బిగించకండి. నలుసు తర్వాత ఎప్పుడో దానంతట అదే ఊడిపోతుంది, అప్పుడు ముల్లు ఒక్కసారిగా 14కు లేస్తుంది.

అంతా పొడిగా ఉండి, ఏ గొట్టంలోంచీ నీళ్లు రాకుండా, ముల్లూ లేవకపోతే, అప్పుడు పంపు వంతు. నీళ్లు కొట్టడం బాగానే ఉంది కదా, పంపు బాగుందనుకోకూడదు. ఇంటి మెషిన్లలో ఎక్కువగా ఉండేది వైబ్రేషన్ పంపు. 50 హెర్ట్జ్ కరెంటు మీద లోపలి పిస్టన్ సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ కదులుతుంది. అరిగిన పంపు ఖాళీగా ఉన్నప్పుడు ధారగానే పోస్తుంది, బరువు పడేసరికి చతికిలబడుతుంది. వోల్టేజ్ బాగా తగ్గినా అంతే. మీ ట్యాంకు ఖాళీ అయిన ముచ్చటకు వస్తే, కాసేపు ఖాళీగా తిరిగినందుకే పంపు చచ్చిపోవడం అరుదు. లోపల గాలి చిక్కుకుంటే పంపు పెద్దగా గరగరమంటుంది, నీళ్లు తెగి తెగి వస్తాయి. వేడినీళ్ల గొట్టమో, ఆవిరి గొట్టమో తెరిచి పంపు కాసేపు నడిపితే ఆ గాలి పోతుంది. మీకు షాట్ జోరుగానే కారుతోంది కాబట్టి గాలి మీద నాకు పెద్ద అనుమానం లేదు.

పంపును అనుమానించే ముందు దానికి నీళ్లు సరిగా అందుతున్నాయో లేదో చూడండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఓసారి నా మెషిన్‌కూ ఇలాగే ముల్లు లేవలేదు. ఎవరో చెప్పారని పంపు తెప్పించి, మధ్యాహ్నమంతా కూర్చుని మార్చాను. ముల్లు అక్కడే ఉంది. చూస్తే ట్యాంకు వెనక సిలికాన్ గొట్టం మడత పడింది. ట్యాంకు కడిగి పెట్టేటప్పుడు నేనే నొక్కేశాను. ఆ పాత పంపు ఇప్పటికీ సొరుగులో ఉంది, బాగానే పనిచేస్తుంది, చూసినప్పుడల్లా నాకే నవ్వొస్తుంది. కాబట్టి గొట్టం మడత, ట్యాంకులో ఉండే ఫిల్టర్, ట్యాంకు అడుగు సరిగా కూర్చుందా లేదా, ఇవి చూశాకే పంపు. ఇవన్నీ బాగుంటే మాత్రం సర్వీస్ వాళ్ల మాటే నిజం, మార్చేయండి.

పొడి సంగతి కూడా కాస్త మాట్లాడాలి. చుక్క పడని రోజుకూ, పన్నెండు సెకన్లలో కారిపోయిన రోజుకూ మధ్య తేడా వాల్వ్‌ది కాదు. పొడి మరీ సన్నగా ఉన్నప్పుడు ఒక రోజు బిళ్ల సమంగా కూర్చుని దారి మూసేస్తుంది, ఇంకో రోజు ఒక పక్క పగులు వచ్చి నీళ్లన్నీ ఆ సందులోంచే పోతాయి. కప్పులో ఒకేసారి పులుపూ చేదూ తగిలితే అదే. గట్టిగా అదమడం వల్ల ఇది పోదు. పొడి బాస్కెట్‌లో సమంగా పరుచుకోవాలి, అదిమేటప్పుడు వాలకూడదు, అంతే. బలం గురించి చాలా కథలు చెబుతారు గానీ, పొడి ఇక కదలదు అనిపించేదాకా నొక్కితే చాలు. అంతకుమించి నొక్కితే చేతికి నొప్పే.

కొత్త గింజలన్నారు. వేయించిన తేదీ ప్యాకెట్ మీద ఉందా? నెలల పాతవైతే లోపలి వాయువు పోయి, క్రెమా పల్చబడి, నీళ్లు త్వరగా కారిపోతాయి. వేయించడంలో తేడా ఉన్నా గ్రైండర్ అమరిక మార్చుకోవాల్సి వస్తుంది. అయితే చుక్క పడని రోజున కూడా ముల్లు 6 దగ్గర ఆగడానికి మాత్రం గింజలు కారణం కాలేవు. అందుకే వాటిని చివరికి నెట్టాను.

మీ బాస్కెట్ ఒకటే పొర ఉన్నదనే అనుకుంటున్నాను. అడుగున రెండు పొరలుండి, బయటికి ఒక్కటే సూదిమొన చిల్లు ఉండే రకం కూడా ఉంది. దానిలో ఒత్తిడి పుట్టించేది పొడి కాదు, ఆ చిల్లే. అలాంటిదైతే పొడి సన్నగా పట్టినందుకు ఇంత తేడా మీకు కనిపించేది కాదు.

పని అయ్యాక, అంటే వాల్వ్ శుభ్రపడి, బ్లైండ్ బాస్కెట్ పరీక్షలో ముల్లు 9 దాటాక, వెంటనే షాట్ తీయడానికి కూర్చోకండి. మీ గ్రైండర్ ఇప్పుడు కారే మెషిన్‌కు తగ్గట్టు సన్నగా ఉంది. అదే పొడి వేస్తే మళ్లీ చుక్క పడదు, మళ్లీ ఏదో పోయిందని కంగారు పడతారు. మూడు వారాల కిందట గ్రైండర్ ఏ అంకె మీద ఉండేదో గుర్తుంటే అక్కడికే తీసుకెళ్లండి. గుర్తులేకపోతే ఇప్పుడున్నదాని కంటే మూడు నాలుగు గీతలు ముతక వైపు తిప్పి, 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ పెట్టుకుని చూడండి. 25 నుంచి 30 సెకన్లలో వస్తే సరే. త్వరగా కారిపోతే ఒక్కో గీతే సన్నం వైపు రండి, పొడి బరువు మాత్రం మార్చకండి. గ్రైండర్ లోపల పాత పొడి కొంత మిగిలి ఉంటుంది కాబట్టి తిప్పిన తర్వాత తీసిన మొదటి షాట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.